ఆత్మ దిగిందనుకున్నారు

"మాకరోనీ మూల ముక్క ఎవరు తిన్నారు?" అంది అమ్మ, ఓవెన్ లోంచి తీసిన పళ్లెం వైపు చూస్తూ.

నాన్న పేపరు దించకుండానే, "ఎలుకేమో" అన్నాడు.

"ఆ ఎలుక మీసానికి చీజ్ అంటుకుంది. తుడుచుకోమను."

"నాలుగు మూలలున్నాయి కదే. నాకు ఒక్కటి రాదా?"

"భోజనానికి మనిషి వస్తోంది, క్లెట్. కొరికిన పళ్లెం పెట్టనా ఆవిడ ముందు?" అని నాన్నని కసిరింది.

ఆదివారం పదకొండింటికి అమ్మ వంటింట్లో ఉండటమే మా ఇంట్లో వింత. అప్పటికి మూడు వారాలుగా ఆమె చర్చికి వెళ్లడం లేదు. అది డెబ్బై తొమ్మిది వేసవి. నేను నాష్‌విల్ కాలేజీ నుంచి సెలవులకి మెంఫిస్ వచ్చి ఉన్నాను.

అమ్మ మా చర్చి నర్సులకు పెద్ద. ఆసుపత్రి చదువు చదివినవాళ్లు కారు వాళ్లు. తెల్ల గౌను, తెల్ల మేజోళ్లు, తెల్ల చేతితొడుగులు. జేబులో పిప్పరమెంట్లు, చేతిలో శవపేటికల దుకాణం పంచిన అట్ట విసనకర్ర. పాట ఊపందుకుని ఎవరైనా ఒంటి మీదికి పరిశుద్ధాత్మ దిగి పడిపోతే, మీద దుప్పటి కప్పి విసరడం వాళ్ల పని. శనివారం సాయంత్రాల్లో అమ్మ ఆ గౌనుకి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తుంటే ఇల్లంతా వెచ్చటి వాసన. ఇన్నేళ్లయినా ఎక్కడ ఇస్త్రీ వాసన వచ్చినా నాకు అమ్మ మోచేతులే గుర్తొస్తాయి.

జూన్ మొదటి ఆదివారం మా చర్చి పెద్దల్లో ఒకరైన డీకన్ హోలిస్ చేతులు పైకెత్తి పాడుతూ పడిపోయారు. ఆర్గన్ హోరు ఇంకా హెచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. అమ్మ ఆయన మీద దుప్పటి కప్పి విసరసాగింది. పాట అయిపోయాక గానీ ఆయన పెదవుల రంగు ఎవరూ చూడలేదు. మాది నల్లవాళ్ల పేట కనక పోలీసుల తోడు లేనిదే రామంటూ, పిలిచిన అంబులెన్సు పేట చివర పోలీసు కారు కోసం ఆగిందట. అంబులెన్సు చర్చి దగ్గరికి వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు.

ఈ రోజు భోజనానికి వచ్చింది ఆయన భార్య, సిస్టర్ ఆర్లీథా. కూర్చుంటూనే గుమ్మం దగ్గరి సంచీ చూసింది.

"అందులో ఏంటి?"

"నా తెల్లగౌను. పాస్టర్ గారి భార్యకి ఇచ్చేస్తాను."

"ఎందుకట?"

"నీ మొగుడు పోతుంటే విసురుతూ కూర్చున్నాను, అందుకు."

"నేను చప్పట్లు కొట్టాను, ఈడెల్లా. మరి నా చేతులు ఎవరికిచ్చేయను?"

నాన్న ఆమె పళ్లెంలో ఆకుకూర వడ్డించాడు. అమ్మ అంది, "నేను పనిచేసే తెల్లవాళ్ల ఇంట్లో ప్రూయిట్ దొర మేలో పడిపోయాడు, తోటలో. పక్కింటాయన ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. ఆరు నిమిషాల్లో బండి వచ్చింది. ఇప్పుడు నేను కాల్చే బిస్కెట్ రొట్టెల్లో ఉప్పెక్కువైందని వంకలు పెడుతున్నాడు."

"ఆ పక్కింటాయన డాక్టరా?" అన్నాను.

"ఇన్సూరెన్సు ఏజెంటు. చలికాలంలో ఒకామె మనిషంత రబ్బరు బొమ్మ తెచ్చి, ఆగిన గుండెని నొక్కి ఎలా ఆడించాలో వాళ్ల హాల్లో అందరికీ నేర్పింది. నేను నిమ్మరసం గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నువ్వూ రా అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు."

"ఆ బొమ్మ మన వైపు రాదా?" అంది ఆర్లీథా.

"పిలిచినవాళ్లెవరు?"

అమ్మ ఫోర్కు కింద పెట్టింది.

"ఆమె నంబరు వాళ్ల ఫోను పక్కనే అంటించి ఉంది. రేపే పిలుస్తాను. రానంటే బస్సెక్కి నేనే వెళ్లి నేర్చుకొస్తాను. ఆ సంచీ లోపల పెట్టు, క్లెట్. వచ్చే ఆదివారం నుంచి మన చర్చిలో ఎవరు పడినా ముందు ఊపిరి చూస్తాం, తరవాతే విసనకర్ర. నిజంగా ఆత్మే దిగితే, ఆత్మేమీ అనుకోదు."