ఇరవైమూడో స్తంభం

తప్పు నాదే. అంబులెన్సు డ్రైవరుది కాదు, ఫోనెత్తిన అమ్మాయిదీ కాదు. ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో తోటపేట. పూండి స్టేషన్లో దిగి ఆటో ఎక్కాలి. పేరుకు ఊరే గానీ ఇళ్లన్నీ ఒకచోట ఉండవు. కొబ్బరితోటలో ఒకటి, జీడితోట అంచున రెండు, అలా మూడు కిలోమీటర్ల మేర చెదిరి ఉంటాయి. నా పేరు లక్ష్మీకుమారి. ఊళ్లో ఏడో వార్డు మెంబర్ని, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే కూలీని. మా ఆయన యువరాజు లారీ తోలేవాడు. కిడ్నీలు పాడయ్యాక స్టీరింగు వదిలేసి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తున్నాడు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానం ప్రాంతంలో ఇదేం వింత కాదు. ఇంటికొకరున్నారు.

పోయిన వేసవిలో ఒక సోమవారం పొద్దున ఆయనకి ఊపిరి ఆడలేదు. ముందురోజు ఎండకి ఆగలేక చెంబుల కొద్దీ నీళ్లు తాగేశాడట. కిడ్నీలు పనిచేయని మనిషి తాగిన నీరు బయటికి పోదు, ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. నాకు చెబితే తిడతానని చెప్పలేదు. తిట్టేదాన్నే.

108కి ఫోన్ చేశాను. "పూండి నుంచి వత్తే కొబ్బరి పీసు మిల్లు దాటినాక, పనసచెట్టు కాడ కుడిసేతి పక్కకి తిరగండి బాబూ" అని దారి చెప్పాను. కాసేపటికి డ్రైవరే ఫోన్ చేశాడు.

"అమ్మా, మిల్లు దాటేశాను. పనసచెట్టు కనపడటం లేదు."

"కనపడకపోడమేటి? ఇద్దరు సేతులు సాపినా అందని మాను. సరిగా సూడు."

అతను వెనక్కి వెళ్లాడు, ముందుకి వచ్చాడు, ఇంకో తోటలోకి దూరి ఇసకలో ఇరుక్కున్నాడు. దారి అడుగుదామంటే మనిషి లేడు, జనమంతా జీడిపిక్కలు ఏరడానికి పోయారు. నేను ఫోన్లో అరుస్తూనే ఉన్నాను. మంచం మీద మా ఆయన నా చీర కొంగు లాగాడు. నోట మాట రావడం లేదు. చెయ్యి నిలువుగా పెట్టి, పక్కకి పడేశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఆ పనసచెట్టు తిత్లీ తుపానుకి కూలిపోయింది. ఏళ్లయిపోయింది. మాను కోసి అమ్మేశారు, వేళ్లు కూడా పెకలించేశారు. అయినా మాకు అది పనసచెట్టు మలుపే. తుపానుకి పోయిన చెట్లన్నీ మా ఊళ్లో మాటల్లో ఇంకా నిలబడే ఉన్నాయి.

అంబులెన్సు మా ఇల్లు చేరేసరికి ముప్పావుగంట పట్టింది. ఇంకో పది నిమిషాలైతే చెప్పలేకపోయేవాళ్లమని పలాసలో డాక్టరు అన్నాడు. మనిషి దక్కాడు. నాలుగోరోజు ఇంటికొచ్చి, నా మొహం చూసి నవ్వాడు కూడా.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను పనికి పోకపోతే ఇల్లు గడవదు. నేను పలాసలో ఉండగా మళ్లీ ఇలాగే అయితే? మిల్లు, మలుపు, తోట, ఇవన్నీ ఎవరు చెబుతారు? ఊపిరాడని మనిషి దారి చెప్పగలడా?

పంచాయతీ ఆఫీసుకి వెళ్లి, రోగులున్న ఇళ్లకి నంబర్లు వేయించమని ప్రెసిడెంటు జగదీశ్వరరావు గారిని అడిగాను.

"సూద్దాంలే కుమారీ. తీర్మానం పెడదాం" అన్నారు.

మా ప్రెసిడెంటు చూద్దాం అన్నారంటే ఆ పని అటకెక్కినట్టే. నేను వదల్లేదు. నెలరోజులు జిడ్డులా పట్టుకుంటే గ్రామసభలో పెట్టారు. తీరా పెట్టాక ఆయన తల్లి మహాలక్ష్మమ్మే లేచి నిలబడింది.

"రోగులున్న ఇల్లకే నంబర్లేత్తే దారంట పోయినోల్లందరికీ తెలిసిపోదేటి? మా మనవరాలికి సమ్మందం సూడ్డానికొచ్చినోల్లు వీధిలోంచే ఎనక్కెల్లిపోతారు."

సగం సభ తలూపింది. నాకు ఒళ్లు మండిపోయింది. "పరువు సూసుకుంటూ కూకుంటే పేనం ఆగుద్దేటి పెద్దమ్మా" అనేసి ఇంటికొచ్చేశాను. మా ఆయనకి చెబితే నా పక్కన చేరతాడనుకున్నాను.

"ముసల్ది సెప్పింది నిజమే కదే" అన్నాడు తాపీగా. "అందరికీ ఏసెయ్. అప్పుడెవులికి సిగ్గు?"

కోపంలో ఉన్నప్పుడు మొగుడు న్యాయం మాట్లాడితే ఎంత చిరాకో నాకే తెలుసు. కానీ మాట న్యాయమైనదే. మర్నాడు మహాలక్ష్మమ్మ ఇంటికి వెళ్లాను. "నిన్న నోరు జారినాను పెద్దమ్మా. ఇల్లకొద్దు. ఊరంతా కరెంటు స్తంభాలకేద్దాం. ఎవులి ఇంటికి దగ్గరున్నది ఆల్లు సెప్పుకుంటారు."

"మరదేదో ముందే ఏడవొచ్చు కదే" అని, లోపలికి కేకేసి కొడుకుని పిలిచింది. తీర్మానం రెండోరోజుకల్లా అయిపోయింది. కరెంటు ఆఫీసుకి ప్రెసిడెంటు గారే ఉత్తరం రాసి, అనుమతి పట్టుకొచ్చారు. అంతకుముందు నెలరోజులు ఆ మనిషికి కాళ్లు లేవనుకున్నాను.

నంబర్లు ఎలా వేయాలో చెప్పింది మాత్రం ఆరోజు దారి తప్పిన డ్రైవరు ప్రదీప్ కుమార్. సెలవురోజున బండేసుకుని వచ్చాడు. "రోడ్డు మీద నుంచి లోపలికి వరసగా వేయండి. ఒకటి తర్వాత రెండు. మధ్యలో ఎవరి మాటా వినకండి" అన్నాడు. వినకుండా ఉండటమే కష్టమైంది. పెయింటరు హెన్రీ డబ్బా పట్టుకుని నడుస్తుంటే స్తంభానికొక తగువు. ఎనిమిది తనకి అచ్చిరాదని, తొమ్మిది వేయమని ఢిల్లీబాబు మావ అడ్డంగా నిలబడ్డాడు.

"ఇది నీ ఫోను నంబరు కాదు మావా, ఏరుకోడానికి" అన్నాను. హెన్రీ నవ్వుకుంటూ ఎనిమిది వేసేశాడు.

మిల్లు దగ్గర పంచాయతీ పెద్ద బోర్డు పెట్టింది. ఒకటి నుంచి పద్నాలుగు ఎడమకి, పదిహేను నుంచి నలభై కుడికి అని బాణం గుర్తులు. మా ఇంటి ముందు స్తంభం ఇరవైమూడు. వార్డు మెంబర్లం ఇల్లిల్లూ తిరిగి, పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించినట్టు, ఎవరి నంబరు వారిచేత చెప్పించాం.

ఈ ఏడు మార్చిలో, ఒక గురువారం. ఫ్యాక్టరీలో పనిలో ఉండగా ఫోన్ ముట్టుకోనివ్వరు. మధ్యాహ్నం అన్నానికి లేచి చూస్తే ఏదో కొత్త నంబరు నుంచి ఆరు కాల్స్. తిరిగి చేశాను. "యువరాజు గారి భార్యేనా? ఆస్పత్రికి రండి" అన్నారు. అన్నం డబ్బా అక్కడే వదిలేసి పరిగెత్తాను. దారంతా ఏమనుకున్నానో చెప్పను. మంచివి మాత్రం కాదు.

బతికే ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్, పక్కన డయాలసిస్ మిషను తిరుగుతోంది. వేళకి తెచ్చారని నర్సు చెప్పింది. బయట అంబులెన్సు తుడుస్తున్న డ్రైవరు ప్రదీప్ కుమార్ కాదు, టెక్కలి వైపు మనిషి. మా ఊరెప్పుడూ చూడలేదట.

"మరెలా వచ్చావు బాబూ?" అని అడిగాను.

"ఫోన్లో 'తోటపేట, ఇరవైమూడు' అన్నారటమ్మా. తరవాత ఊపిరి సప్పుడే గానీ ఇంకేటీ నేదట. మిల్లు కాడ బోర్డు సూసినాను. స్తంభాలు సూసుకుంటూ ఎల్లిపోనాను. ఎక్కడా ఆగనేదు."

అతనికి దణ్ణం పెట్టాను. అతను కంగారుపడిపోయి గుడ్డ కింద పడేశాడు.

సాయంత్రానికి మా ఆయన తేరుకున్నాడు. నాకు భయం దిగిపోయి కోపం ఎక్కింది. ఎప్పుడూ అంతే నాకు.

"నాకెందుకు సెయ్యనేదు ఫోను? కట్టుకున్నదాన్ని. ఎవులో సెప్తే తెలియాలా?"

ఆయన కళ్లు తెరిచి నన్నే చూశాడు. మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు.

"రెండు మాటలకే ఊపిరుంది కుమారీ. ఆ రెండూ 108 వోల్లకి సెప్పేసినాను. నీతో... తరవాత మాట్లాడొచ్చు కదా అనుకున్నాను."

పోయిన వేసవిలో ఆ మంచం మీద పడున్నప్పుడు ఆయనకి తరవాత అనేది ఉంటుందన్న నమ్మకం లేదు. నాకూ లేదు. ఇప్పుడు ఒక్కడే ఉండి, గాలి అందక కొట్టుకుంటూ కూడా, ఆ మనిషి నాతో మాటల్ని తరవాతకి దాచుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చేశాను, నర్సు చూస్తుందని కూడా ఆగలేదు. ఆ తరవాత స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని, ఇప్పుడు చెప్పు అన్నాను.