పాలు మాన్పించొద్దన్న రోజు

మూర్ఛ అనకూడదట, ఫిట్స్ అనాలట, ఏ పేరుతో పిలిస్తే మాత్రం ఆ చూపు మారుతుందా, పాలు తాగుతున్న మూడు నెలల బాబు ఉన్నట్టుండి రొమ్ము వదిలేసి, కళ్ళు ఒకవైపుకి తిప్పేసి, కుడి చెయ్యి టపటపా కొట్టుకుంటుంటే సుహాసిని వాణ్ణి ఎత్తుకుని చిక్కడపల్లి సందులోంచి చెప్పుల్లేకుండా పరుగెత్తింది, ఆటోవాడు నారాయణగూడ ఆసుపత్రి దాకా హారన్ మీంచి చెయ్యి తీయలేదు, ఇప్పుడు బాబు చేతికి అట్ట కట్టి మందు చుక్కచుక్కగా ఎక్కిస్తున్నారు, పక్కన స్టూలు మీద తనొక్కతే, భర్త ఫణికిరణ్ ఆఫీసు పనిమీద నాగపూర్‌లో, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ఆయనకి చెబుతామన్నారు లాడ్జివాళ్ళు, చెప్పారో లేదో, అశోక్‌నగర్ నుంచి అత్తగారు వచ్చి డబ్బాపాలు పెట్టి, నీ పాలే వాడికి పడలేదమ్మాయ్, ఇక మాన్పించెయ్యి అని వెళ్ళిపోయారు, అమ్మ లేని పిల్లవని పురుడు పోసింది ఆవిడే, చలిగాలి తగలకూడదని తలుపులు మూసిన గది, కారప్పొడి అన్నం, పెరుగొద్దు, ఎండలోకి రావద్దు, అన్నిటికీ సరేనంది, అయినా తన పాలే విషమయ్యాయా, ఆయా దుర్గమ్మ నేల తుడుస్తూ, పరేషాన్ గాకమ్మా, గిట్ల మస్తు మంది పిల్లలొస్తరు, మంచిగయిపోతరు అంది, ఆ మాటకే ఏడుపొచ్చింది, ఏడవడానికి ఆనుకునే భుజం లేదు, గోడ ఉంది.

డాక్టరమ్మ రిపోర్టుతో వచ్చి, రక్తంలో కాల్షియం బాగా తక్కువుంది, అందుకే ఫిట్స్, తగ్గిపోతాయి, పాలు మాన్పించకండి అని, వెళ్ళబోతూ ఆగి, మీకు వేళ్ళు కొంకర్లు పోతుంటాయా అని అడిగింది, సుహాసిని తెల్లబోయింది, బట్టలు పిండుతుంటే వేళ్ళు వంకరపోయి రెండో చేత్తో లాగి సరిచేసుకోవడం ఈవిడకెలా తెలుసు, అవునండీ, ఎవరికీ చెప్పలేదు అంది, మీ ఒంట్లోనే కాల్షియం లేదేమోనమ్మా, ఉంటేగా కడుపులో బిడ్డకి చేరేది, మీకూ పరీక్ష చేద్దాం అంది డాక్టరమ్మ, అయితే తప్పు తనదేనా, అత్తగారి మాటే నిజమా, నర్సు మోచేతి పైన రబ్బరు గొట్టం బిగించింది, బాబు నిద్రలో నోరు కదిలిస్తున్నాడు, పురుడయ్యాక ప్రతివాళ్ళూ బాబు ఎలా ఉన్నాడనే అడిగారు, నీకెలా ఉందని అడిగినవాళ్ళు లేరు, తనైనా తనని అడగలేదు, వాడికివ్వకుండా దాచుకున్నదేమీ లేదు, ఉన్న కాస్తా వాడికే పోసి తను ఖాళీ అయింది, సూది గుచ్చుకుంది, వాడితో పాటు తనూ జబ్బు మనిషే, తనకీ మందు కావాలి.