శాండ్‌విచ్ రేకులో సాక్ష్యం

చంపేస్తానని మాజీ అల్లుడు బ్రెంట్ నా కూతురు కోరిన్‌కు రాసిన పదకొండు మెసేజీలు ఆమె ఫోన్లో ఉన్నాయి. అవి కోర్టులో నిలిస్తే అతను జైలుకు వెళ్తాడు. లేకపోతే కోరిన్ ఉండే వీధిలోకే తిరిగొస్తాడు. ఆ ఫోన్‌ను మా కౌంటీ డిటెక్టివ్ హోల్కమ్ చేతికిచ్చాం. అంతకంటే బుద్ధితక్కువ పని మేమెప్పుడూ చేయలేదు.

విచారణలో బ్రెంట్ లాయరు, సన్నటి ముసలావిడ, బోనులో ఉన్న హోల్కమ్‌ను మెల్లగా అడిగింది.

"ఫోన్‌కు సిగ్నల్ అందితే బయటినుంచి చెరిపేయొచ్చు. అది అందకుండా ఆపే సంచులు మీ దగ్గర లేవా, డిటెక్టివ్ గారూ?"

"ఉన్నాయి మేడమ్. అల్మారా తాళం సార్జెంట్ దగ్గరుంది. ఆయన జింకల వేటకెళ్లాడు."

"మరి దేంట్లో పెట్టారు?"

"అల్యూమినియం రేకులో చుట్టాను. అదీ ఆపుతుంది."

"రేకు ఎక్కడిది?"

హోల్కమ్ మెడ ఎర్రబడింది. "నా శాండ్‌విచ్‌ది."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఇరవై రెండేళ్లుగా బడి క్యాంటీన్లో వండుతున్నాను. ఒకసారి నలిపి విప్పిన రేకు రొట్టె వేడినే నిలపలేదు.

"మళ్లీ విప్పారా?"

"రోజూ విప్పాను. ఛార్జింగ్ పెట్టొద్దా మరి!"

మూడో రోజు అలా విప్పి పెట్టినప్పుడే మెసేజీలన్నీ మాయమయ్యాయి. సిగ్నల్ అందగానే బ్రెంట్ తన ఫోన్లోంచి చెరిపేశాడు. మిగిలినవి అంతకుముందు ఆ మెసేజీలకు హోల్కమ్ సొంత ఫోన్‌తో తీసిన ఫొటోలే.

"ఈ ఫొటోల్లో పంపినవాడి పేరు మీద అడ్డంగా ఉన్నదేమిటి?"

"నా బొటనవేలు మేడమ్."

"అయితే ఎవరు పంపారో కనబడదు."

"బ్రెంటేనండీ! ఊళ్లో అందరికీ తెలుసు."

"అందర్నీ బోనెక్కిద్దామా?"

ఫొటోలు చెల్లవన్నాడు జడ్జి. ప్రాసిక్యూటరు కేసు వెనక్కి తీసుకున్నాడు. బ్రెంట్ ఈల వేసుకుంటూ బయటికి నడిచాడు.

వరండాలో హోల్కమ్ మా దగ్గరికొచ్చాడు. "ఎంత కష్టపడ్డానో చూశారుగా అమ్మా. చట్టాలే అలా ఉన్నాయి."

"చట్టాన్నెందుకంటావు బాబూ? నీకు టిఫిన్ డబ్బా అప్పజెప్పినా పారేసుకొస్తావు."

అంతలో కోరిన్ కొత్త ఫోన్ మోగింది. చూసి, గోడకానుకుంది.

"అమ్మా, నా కారు దగ్గర నిలబడ్డాడట. 'ఇప్పుడెవరు కాపాడతారు' అని రాశాడు."

హోల్కమ్ ముఖం వెలిగిపోయింది. చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వండి, ఫొటో తీస్తాను."

"చెయ్యి తియ్యండి," అంది కోరిన్.

తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తే, జడ్జి ఇంకా కుర్చీ దిగలేదు. ఇద్దరం ఫోన్ పట్టుకుని తిరిగి లోపలికి నడిచాం.