హమ్ము చూడని ఏరు

ఎడారి నడుమ మ్జాబ్ లోయకు వచ్చే యాత్రికులకు, వాళ్ళను ఊరు తిప్పి చూపించే హమ్ము చెప్పే జాగ్రత్తలు ఊళ్ళో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. భుజాలు కప్పుకోండి. ఆడవాళ్ళు ఎదురైతే ఫోటోల జోలికి పోకుండా గోడ వైపు తిరగండి. మధ్యాహ్నం ఎవరి తలుపూ తట్టకండి, ఊరు నిద్రపోతుంది. పొద్దుగూకాక సందుల్లో తిరగకండి. ఎవరైనా ఖర్జూరం పెడితే వద్దనకండి. ఇవన్నీ గబగబా చెప్పేసి, ఎండిన ఏటి గట్టు మీద నిలబడి, గొంతు సవరించుకుని ఆఖరిది చెప్పేవాడు.

"నెత్తి మీద ఆకాశం ఎంత నీలంగా ఉన్నా సరే, ఏటి ఇసకలో మాత్రం కూర్చోకండి. మాకొచ్చే నీళ్ళు మా వాన కాదు, ఎగువ వాన."

అక్కణ్ణుంచి మొదలయ్యేది అసలు వేడుక. ముందు చల్లగాలి వస్తుంది. దాని వెనకే తడిమట్టి వాసన. తర్వాత నేల అడుగు నుంచి గురగుర. అప్పుడు ఆ మలుపులో ఏరు తలెత్తుతుంది, ముళ్ళకంపలూ నురగా నెత్తిన పెట్టుకుని! కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. వినేవాళ్ళకు ఒళ్ళు జలదరించేది.

ఒక్క సంగతి మాత్రం ఏ యాత్రికుడికీ చెప్పేవాడు కాదు. ఆ ఏరు రావడం హమ్ము జన్మలో చూడలేదు.

అసలా ఏరు వచ్చేదే కొన్నేళ్ళకోసారి. చిన్నప్పుడు వస్తే గవదబిళ్ళలతో మూసిన గదిలో పడుకుని ఉన్నాడు. కుర్రతనంలో వస్తే ఉత్తరాన మేనమామ కొట్లో శనగలు తూస్తున్నాడు. పెళ్ళయ్యాక వస్తే పక్క పట్నంలో పన్ను పీకించుకుంటున్నాడు. పోయినసారి వచ్చినప్పుడు ఎవర్నో విమానం ఎక్కించడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బురదా, జనం నవ్వులూ మిగిలాయి.

ఇప్పుడు మళ్ళీ ఏళ్ళ తరబడి ఏరు లేదు. బావులు అడుగంటాయి, ఖర్జూరపు మట్టలు కింది నుంచి ఎండుకొస్తున్నాయి. సంతలో తోటల వాళ్ళు హమ్మును చుట్టుముట్టేవారు.

"ఒరే హమ్మూ, నీ కాళ్ళు పట్టుకుంటాం, నాలుగు రోజులు ఊరొదిలి పోరా! నువ్విక్కడ కదలకుండా కూర్చుంటే ఏరెట్లా వస్తుంది?"

"చావనైనా చస్తాగానీ పొలిమేర దాటను," అనేవాడు హమ్ము.

అన్నంత పనీ చేశాడు. భార్య మెన్నా చెల్లెలి కూతురి పెళ్ళి పొరుగూళ్ళో అయితే వెళ్ళలేదు. మెన్నా మండిపడింది. "ఇదేం చోద్యమయ్యా! ఆ ఏరు నీకేమన్నా మేనమామ కూతురా, వాకిట్లో కాపలా కూర్చోడానికి?"

హమ్ము నవ్వలేదు. "మా నాన్న చూశాడు. మా తాత చూశాడు. నేనొక్కణ్ణే చెప్పీ చెప్పీ పోతానా మెన్నా?" అన్నాడు.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక ఒరాన్ నుంచి జుబీర్ అనే బడిపంతులూ, అతని భార్య వసీలా వచ్చారు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళు. హమ్ము పొద్దున్నే జాగ్రత్తలన్నీ చెప్పి ఏటి కథ ఎత్తుకుంటే వసీలా నోరు తెరుచుకుని విన్నది గానీ, జుబీర్ మాత్రం పకపకా నవ్వాడు.

"ఈ ఇసకలోనా? మా ఊరొచ్చి సముద్రం చూడండి హమ్ముగారూ, అప్పుడు తెలుస్తుంది నీళ్ళంటే ఏంటో!"

హమ్ముకు చివుక్కుమంది. వాళ్ళను బసలో దింపి ఇంటికొచ్చి నడుం వాల్చాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవడు చెప్పగలడు? మధ్యాహ్నపు నిద్ర ఇంకా తీరలేదు, ఎగువ బురుజు మీద తుపాకీ పేలింది. వెంటనే మరొకటి. వీధిలో పిల్లలు గుక్క తిప్పుకోకుండా అరుస్తున్నారు. "ఏరొస్తోంది! ఏరొస్తోంది!"

హమ్ము ఒక కాలికే చెప్పుతో పరిగెత్తాడు. గట్టు మీద అప్పటికే ఊరంతా ఉంది. అతణ్ణి చూడగానే ఎవరో అరిచారు: "హమ్ముకి దారివ్వండ్రా! జరగండ్రా, పెళ్ళికొడుకొచ్చాడు!" ఇన్నాళ్ళూ ఏడిపించినవాళ్ళే చేతులు పట్టి ముందు వరసలోకి తోశారు. చల్లగాలి వచ్చి మొహాన తగిలింది. దాని వెనకే తడిమట్టి వాసన. సరిగ్గా తను చెప్పే వరసే! హమ్ము కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

కళ్ళు తుడుచుకుని చూస్తే, ఏటికి అవతల, తోట గోడ దగ్గర ఇసకలో, చిన్న చెట్టు నీడన ఇద్దరు మనుషులు దుప్పటి పరుచుకుని నారింజలు ఒలుచుకుంటున్నారు. జుబీరూ, వసీలా! పొద్దున చెప్పిందంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశారు. జనం గొంతులు చించుకుని అరిచారు. పలకరిస్తున్నారనుకుని జుబీర్ నవ్వుతూ చెయ్యి ఊపాడు.

హమ్ము ఒక్కసారి మలుపు వంక చూశాడు. ఇంకా ఏమీ కనబడలేదు. గట్టు మీంచి కిందికి దూకాడు.

"లేవండి! పరిగెత్తండి!"

"ఏమైందండీ? ఆకాశం చూడండి ఎంత..."

"ఆకాశం సంగతి తర్వాత, ముందు లెగవయ్యా!" అని పంతులు కాలరు పట్టి లేపాడు. వసీలా అప్పటికే చెప్పులు వదిలేసి పరిగెడుతోంది. వెనక్కి దాటే వ్యవధి లేదు. ఎదురుగా తోట గోడకు చిన్న చెక్క తలుపు. ముగ్గురూ అందులోంచి లోపలికి పడ్డారు.

లోపల బల్హాజ్ తాత గోడ వారగా వంగి ఉన్నాడు. ఆ లోయలో ఏ తోటకు ఎంత నీళ్ళో చూసే పెద్దమనిషి. ఒక్కో తోట గోడ అడుగునా రాతిలో ఒక కన్నం ఉంటుంది, ముత్తాతల నాడు కొలిచి పెట్టింది. ఏటిలో ఆ తోట వాటా అంతే. తాత ఆ కన్నంలోంచి ఎండుటాకులు లాగుతూ తలెత్తకుండానే అరిచాడు.

"తలుపు మూసెయ్యరా! దుంగ అడ్డం పెట్టు. ఇద్దరూ వీపులానించి నిలబడండి!"

హమ్మూ, జుబీరూ నిలబడ్డారు. నేల కదిలింది. ఆ గురగుర హమ్ముకు చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి వచ్చింది. తలుపు వీపుకు గుద్దుకుంది. చెక్కల సందుల్లోంచి బురదనీళ్ళు మెడ మీద చిమ్మాయి. వసీలా బావి గట్టెక్కి గోడ మీంచి చూసి, కెవ్వున అరిచింది.

"హమ్ముగారూ! ముళ్ళకంపలు నెత్తిన పెట్టుకుని వస్తోంది! అమ్మో, ఆ నురగ! మీరు చెప్పినట్టే ఉందండీ, అచ్చం మీరు చెప్పినట్టే!"

అవతల మిద్దెల మీద ఆడవాళ్ళు మంగళధ్వనులు చేస్తున్నారు. జుబీర్ మొహం పాలిపోయింది. "నేను పట్టుకుంటాను, మీరెళ్ళి చూసి రండి," అన్నాడు.

"ఒక్కడివి ఆపలేవు. కదిలితే తలుపూ పోతుంది, మనమూ పోతాం," అన్నాడు తాత.

హమ్ము కదల్లేదు. ఏటి తల అతని వీపు వెనకాల, చెక్క మందం దూరంలో, దాటిపోయింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అదురు తగ్గాక అక్కడే కూలబడ్డాడు. అప్పుడు కనబడింది కన్నం. ముందు తడి. తర్వాత వేలెడంత ధార. తర్వాత కన్నం నిండా నీళ్ళు, కాఫీ రంగులో, గడ్డిపరకల్నీ, ఆకు మీద కూర్చున్న ఓ పురుగునీ మోసుకుంటూ లోపలికొచ్చాయి. కాలవ పట్టుకుని మొదటి ఖర్జూరపు చెట్టు పాదులోకి దిగాయి. ఏళ్ళుగా నోరు తెరిచి ఉన్న నేల బుసబుసమంటూ తాగింది. బుడగలు లేచాయి. ఈ చప్పుడు సంగతి హమ్ము ఏ యాత్రికుడికీ చెప్పలేదు. ఇలాంటిదొకటి ఉందని అతనికే తెలియదు. ఉన్న ఒక్క చెప్పూ విడిచి నీళ్ళలో నిలబడ్డాడు. చీలమండలు జివ్వుమన్నాయి. ఎక్కడో కొండల మీద నిన్నటిదాకా మబ్బుగా ఉన్నది ఇవాళ తన కాళ్ళ దగ్గరికి వచ్చిందే, దారి తప్పకుండా, ఈ చిన్న కన్నం వెతుక్కుంటూ వచ్చిందే అనుకున్నాడు.

గట్టు అవతల నుంచి ఊరు ఊరంతా అరుస్తోంది. "ఒరే హమ్మూ! చూశావట్రా?"

హమ్ము పాదులోకి దిగే నీళ్ళ వంకే చూస్తున్నాడు. బల్హాజ్ తాత అతని భుజం మీద చెయ్యేశాడు.

"అడుగుతున్నారు కదరా. ఏం చెప్పమంటావు?"

"నా వాటా చూశానని చెప్పు తాతా," అన్నాడు హమ్ము.

తాత నవ్వలేదు. గోడ వైపు తిరిగి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, ఉన్న బలమంతా కూడదీసుకుని ఆ మాటే అరిచి చెప్పాడు.