కోసిమో చేతి వంట

పొలం గట్ల మీద కోసుకొచ్చిన చేదాకును దొనాత రెండో నీళ్ళలో ముంచి ఎత్తుతుండగా కోసిమో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సాయంత్రం ఆ నీలం గౌను వేసుకో. ఒళ్ళంతా ఉల్లిపాయ కంపుతో మాత్రం రాకు. మిలాన్ నుంచి పత్రికావిడ వస్తోంది. ఆవిడ ముందు ఎక్కువ మాట్లాడకు, నవ్వుతూ కూర్చో చాలు."

"మరి వంట?"

"అదేం ప్రశ్న? మధ్యాహ్నానికల్లా గింజలు ఉడికించి మెత్తగా చేసి కుండలో పెట్టెయ్. నేను బయట పొయ్యి దగ్గర అందరి ముందూ నాలుగు సార్లు తిప్పి, పైన నూనె పోసి నీకు వడ్డిస్తాను. పాతికేళ్ళ పెళ్ళిరోజు, పైగా మన కథ. జనం ఏడవాలి."

మన కథ! ఆ కథ కోసమే జంటలు ఎక్కడెక్కడి నుంచో ఈ ఆలివ్ తోటల మధ్యకి వెతుక్కుంటూ వస్తారు. పాత రాతి ఇంటిని రిసార్టు చేసి, నిమ్మచెట్ల కింద ఇద్దరిద్దరికి బల్లలు వేసి, కొవ్వొత్తులు వెలిగించాక కోసిమో తెల్లకోటు తొడుక్కుని ఒక్కో బల్ల దగ్గరా ఆగుతాడు. "పెళ్ళాడమని అడిగిన రోజు ఇది నా చేతులతో వండిపెట్టాను. మొదటి చెంచాకే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది" అంటాడు. అమ్మాయిలు తమ పక్కనున్నవాడి చెయ్యి పట్టుకుంటారు. ఆ వంట ఏదో కాదు, ఎండు చిక్కుడుగింజల ముద్ద, పక్కన చేదాకు, పైన పచ్చి ఆలివ్ నూనె. ఇక్కడ బీదా బిక్కీ తినే తిండి. "మరి మీ ఆవిడ ఇప్పుడు వండిపెడుతుందా?" అని ఎవరైనా అడిగితే "ఆవిడా? నీళ్ళు కాచమంటే గిన్నె మాడ్చేస్తుంది" అని నవ్విస్తాడు. ఆ నవ్వు వంటింటి కిటికీలోంచి వచ్చి, గింజలు రుబ్బుతున్న దొనాత చెవిలో పడుతుంది. పక్కన పనిచేసే రోసాల్బా తలెత్తి చూసి, ఏమీ విననట్టు మళ్ళీ తల దించుకుంటుంది. ఆ తల దించుకోవడమే దొనాతకు ఎక్కువ మండేది.

నిజానికి ఆ ముద్ద దొనాత తల్లిది. పెళ్ళి మాట అడగడానికి వచ్చిన కోసిమో దాన్ని రెండు పళ్ళాలు తిని, వాళ్ళింటి బల్ల మీదే గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఎవరూ ఏడవలేదు. ఆ తల్లి పోయిన రోజు దొనాత శ్మశానం నుంచి రాగానే అత్తగారు ఫిలొమేన నల్లబట్టలు మార్చుకోనివ్వకుండా చేతికి వంటగుడ్డ ఇచ్చింది. "బల్లలన్నీ నిండి ఉన్నాయమ్మాయ్. ఏడుపు ఎక్కడికీ పోదు, వచ్చినవాళ్ళే పోతారు." ఆ సాయంత్రం అమ్మ ముద్దనే వండింది దొనాత. కోసిమో ఆ సాయంత్రం కూడా బల్ల బల్లకీ తిరిగి తన చేతుల సంగతి చెప్పాడు, నవ్వించాడు. ఆ రోజు నుంచి దొనాత లోపల ఒకటి గడ్డకట్టింది. అది కరగాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. పైగా అప్పుడప్పుడూ తడిమి చూసుకునేది, ఉందా లేదా అని.

కోసిమో వెళ్ళిపోయాక ఆమె చెయ్యి తుడుచుకుంది. కడిగిన ఆకునంతా తీసుకెళ్ళి కోళ్ళకు వేసింది. రాత్రి నానబెట్టిన గింజలు వార్చి రోసాల్బాకు ఇచ్చింది.

"ఇవి ఇంటికి పట్టుకెళ్ళు. పిల్లలకు వండిపెట్టు."

"అక్కా, మరి సాయంత్రానికి?"

"సాయంత్రం వంట మా ఆయనది."

రోసాల్బా కాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత మూట కట్టుకుని, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ వెళ్ళింది.

సాయంత్రం దొనాత నీలం గౌను వేసుకుని ఆవరణ మధ్య బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా ఫిలొమేన, పక్కన పత్రికావిడ లవీనియా. చుట్టూ జంటలు. ముందుగా వడ్డించే చిరుతిళ్ళు అయ్యాయి. కోసిమో పొయ్యి పక్కన నిలబడి, గొంతు కాస్త వణికించి కథంతా చెప్పాడు. చప్పట్లు. కుండ మూత తీశాడు. లోపల రాళ్ళలాంటి ఎండు గింజలు, తొక్కలతో సహా. పక్క బుట్టలో అప్పుడే పీకినట్టు వేర్లకు మట్టి అంటుకున్న చేదాకు.

అతను తలెత్తి నవ్వుతూనే అడిగాడు. "దొనాతా, ఇదేమిటి?"

ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రేమలో పడిన పిల్లలా చూసింది. "ఆ రోజు వండినట్టే వండు కోసిమో. మొదటి నుంచీ. నాకూ చూడాలనుంది."

ఇంకా గట్టిగా చప్పట్లు.

కోసిమో కుండలో నీళ్ళు పోశాడు. ఉప్పు పోశాడు. ఆకును కడక్కుండానే అందులో పడేశాడు. మంట పెద్దది చేశాడు. లవీనియా "ఎంతసేపు పడుతుంది?" అంటే "అరగంటలో" అన్నాడు. దొనాత రొట్టె ముక్క తుంచుకుని నూనెలో అద్దుకు తింది. వేడివేడిగా ఉండగా తిని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. అరగంట అయింది. కొవ్వొత్తులు సగానికి వచ్చాయి. కుండ అడుగంటిన వాసన నిమ్మచెట్ల దాకా పాకింది. తెల్లకోటు వీపు చెమటకు అంటుకుపోయింది. అతను గరిటె పట్టుకునే తీరు చూసి ఒక్క క్షణం ఆమెకు జాలి కలగబోయింది. నల్లబట్టల మీద కట్టుకున్న వంటగుడ్డ గుర్తొచ్చింది. జాలి వచ్చిన దారినే పోయింది.

కోసిమో ముద్దుపెట్టుకునేవాడిలా వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు. "లే. లోపలికి పద. ఏదో ఒకటి చెయ్యి, లేకపోతే చంపేస్తాను."

"ఆ మాటేదో అందరికీ వినబడేలా చెప్పవచ్చు కదా" అంది దొనాత గొంతు పెంచి. "ప్రేమ మాటలేగా."

జనం నవ్వారు. ఫిలొమేన కుర్చీ వెనక్కి నెట్టి లేవబోయింది. "నేను వెళ్తాలే నాన్నా, నువ్వుండు." దొనాత ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"కూర్చోండి అత్తయ్యా. ఆ రోజు మీరు లేరుగా, అతనొక్కడే వండాడు."

ముసలామె కొడుకు వంక చూసింది, కోడలి వంక చూసింది. మెల్లగా కూర్చుంది. కూర్చుని తన గ్లాసు తనే నింపుకుంది. "వాళ్ళ నాన్నకీ పొయ్యి వెలిగించడం రాదు" అంది, ఎవరితోనో తెలియకుండా.

చివరికి కోసిమో వడ్డించక తప్పలేదు. గింజలు పళ్ళెంలో టకటకమన్నాయి. అందరూ దొనాత కళ్ళవైపు చూస్తున్నారు, కన్నీళ్ళ కోసం. ఆమె ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. మట్టి పళ్ళ కింద కరకరమంది. నింపాదిగా నమిలి, గింజను అరచేతిలోకి ఊసి, పళ్ళెం అంచున పెట్టింది.

"ఆ రోజు ఇది వండింది మా అమ్మ" అంది. "ఇతను తిని మా బల్ల మీద పడుకున్నాడు. మా అమ్మే దుప్పటి కప్పింది."

ఎవరూ నవ్వలేదు. లవీనియా ఫోర్కు కింద పెట్టింది. "మరి ఇన్నేళ్ళూ ఇక్కడ వండుతున్నది ఎవరు?"

"ఇవాళ తప్ప, నేనే."

కోసిమో గరిటె మీదికి కళ్ళు దించుకున్నాడు. అతను ఏడుస్తాడేమోనని జంటలు చూపులు తిప్పుకున్నాయి. దొనాత తిప్పుకోలేదు. ఆ మొహాన్ని, ఆ చెమటను, చేతిలో మాడిన గరిటెను తనివితీరా చూసింది. ఇంత రుచి ఉంటుందని ముందే తెలిస్తే ఇన్నేళ్ళు ఆగేదాన్నా అనుకుంది.

మర్నాడు పొద్దున అతను కేకలు వేశాడు, బతిమాలాడు, మళ్ళీ కేకలు వేశాడు. "పరువు తీశావు! ఇవాళ కూడా బల్లలు నిండి ఉన్నాయి. నేనేం చెయ్యను చెప్పు?"

"గింజలు నానబెట్టు" అని చెప్పి, సంచీ భుజాన వేసుకుని కారు తాళం తీసుకుంది. గుమ్మంలో ఫిలొమేన నిలబడి ఉంది. ఆపుతుందనుకుంది దొనాత. ముసలామె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మధ్యాహ్నానికి రేవు ఊళ్ళో, సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో, తెల్లగుడ్డ పరిచిన ఇద్దరి బల్ల దగ్గర కూర్చుంది. వడ్డించే కుర్రవాడు మర్యాదగా వంగాడు.

"ఇంకొకరు వస్తారా మేడమ్?"

"రారు."

"అయితే ఆ కుర్చీ తీసెయ్యనా?"

దొనాత చెప్పులు విడిచింది. "ఉంచు బాబూ. కాళ్ళు పెట్టుకుంటాను."