విప్పేటప్పుడే భయం

నేను ఒక కోలాటం కర్రను. అదీ పిరికి కర్రను. నవ్వకండి. దెబ్బలు తినడానికే పుట్టినదానికి దెబ్బంటే భయమైతే ఆ బతుకు ఎలా ఉంటుందో నాకే తెలుసు.

పెద్దాపురం వడ్రంగి ఒకాయన నన్నూ నా తోడునూ ఒకే కొమ్మలోంచి తీసి, నున్నగా చిత్రికపట్టి, కొనకు చెరో మువ్వ కట్టి భజన జట్టుకు అమ్మాడు. భక్తులంటే మెత్తనివాళ్ళనుకున్నాను. అబ్బే! రాముడి పేరు చెప్పి ఏడాది పొడుగునా దాచుకున్న పగలన్నీ ఒకరి కర్ర మీద ఒకరు తీర్చుకునేవారు. చివరికి ముందువరసలో ఎవరు నిలబడాలన్న పేచీతో జట్టు విడిపోయింది, మేము అటకెక్కాం. అక్కడ నా తోడును చెదలు తినేశాయి. ఆ కరకర నా పక్కనే వినబడుతుంటే తర్వాతి వంతు నాదేనని ఏళ్ళ తరబడి వణికాను.

నన్ను అటక దింపింది బులిసూరి గారు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరై, సామర్లకోట వృద్ధుల పగటి కేంద్రంలో కోలాటం నేర్పుతున్నాడు. ముసలివాళ్ళు ఇలా ఆడితే కాళ్ళు పట్టు తప్పవనీ, మతిమరుపు నెమ్మదిస్తుందనీ డాక్టరమ్మ చెప్పిందట. నలుగురితో కలిసి ఆడితే మంచిదని చెప్పడానికి మనుషులకు డాక్టరమ్మ కావలసి వచ్చింది చూశారా!

ఒంటి కర్రను కాబట్టి జడకోలాటానికి పనికొచ్చాను. పైన కట్టిన చక్రం నుంచి ఎనిమిది రంగుల తాళ్ళు వేలాడతాయి. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కర్ర పట్టుకుని ఎనిమిది మంది ఒకరిని లోపలినుంచి, ఇంకొకరిని బయటినుంచి దాటుతూ ఆడితే తాళ్ళు జడలా అల్లుకుంటాయి. ఆ తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తూ జడ విప్పాలి. అసలు కష్టమంతా అక్కడే. ఒక్కరు తప్పినా చిక్కుముడి పడుతుంది, ఎనిమిది మందీ ఇరుక్కుంటారు.

నేను నూకరత్నమ్మ చేతికి వచ్చాను. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు బియ్యం మిల్లులో చేట పట్టిన చెయ్యి, నన్ను ఎంత మెత్తగా పట్టుకునేదో! కానీ ఆమెకు జ్ఞాపకం జారిపోతోంది. ఒకరోజు కేంద్రం నుంచి ఇంటికని బయలుదేరి రైలు స్టేషన్‌లో తేలింది. ఎవరో పేరడిగితే చెప్పలేక బెంచీ మీద నన్ను ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం కూతురు వెతుక్కుంటూ వచ్చేదాకా కూర్చుంది. ఆమె కళ్ళు చూసి నాకు చెదలు గుర్తొచ్చాయి. ఇక్కడా ఏదో లోపల్లోపల తింటోంది.

కూతురు మంగాదేవి బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. చెడ్డది కాదు, హడలిపోయింది. మర్నాటి నుంచి తల్లిని లోపల పెట్టి, బయట తాళం వేసి పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. కోలాటం ఉన్న గురువారాలు మాత్రం తానే దింపేది. ఒక మధ్యాహ్నం నూకరత్నమ్మ నన్ను తీసుకుని లోపలినుంచి తలుపు కొట్టింది. కొట్టి కొట్టి అలసిపోయింది. దెబ్బకు దెబ్బ బదులు వినడం అలవాటైన నాకు, ఆ మధ్యాహ్నం ఏ బదులూ రాలేదు. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

వృద్ధుల దినోత్సవానికి ప్రదర్శన పెట్టారు. ముందురోజు మంగాదేవి బులిసూరి గారితో అంది.

"రేపు నేనూ వత్తానండి. నలుగురిలో అమ్మ తికమకపడిందంటే ఇంక పంపను. ఇంటికాడే ఉంటాది."

"తాళమేసా?" అన్నాడాయన.

"మరేం సెయ్యమంటారు? ఈసారి రైలు పట్టాల మీదకి ఎల్తేనో?"

పక్కనే ఉన్న నూకరత్నమ్మ అంతా విన్నది. ఆమె అరచేతి చెమటకు నేను తడిసిపోయాను.

మర్నాడు జడ చక్కగా అల్లుకుంది. చప్పట్లు కొట్టారు. బులిసూరి గారు విప్పమని ఈల వేశాడు. ఏడుగురు తిరిగారు. నూకరత్నమ్మ తిరగలేదు. మళ్ళీ ఆ స్టేషన్ చూపే! అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

మంగాదేవి కుర్చీలోంచి లేచి వచ్చేసింది. "అమ్మా, దా, ఇంటికెళ్ళిపోదాం."

నూకరత్నమ్మ తాడు వదల్లేదు. బులిసూరి గారు కేకేశాడు. "ఆవిడ తాడు వదిల్తే అందరూ చిక్కడిపోతారమ్మా! నువ్వూ పట్టుకో, కూడా నడు!"

"నాకు రాదండీ!" అంటూనే మంగాదేవి తల్లి చేతి మీద చెయ్యి వేసి తాడు పట్టుకుంది. పట్టుకుని తప్పు అడుగు వేసింది.

అంతే. మిల్లులో ముప్ఫై మందిని అదిలించిన నూకరత్నమ్మ గొంతు లేచింది.

"అటు కాదమ్మాయ్! ఎడంకాలు ముందెయ్. ఈవిడకి లోపల్నుంచి, ఆయనకి బయట్నుంచి. తలెత్తి సూడు, కాళ్ళు సూసుకోకు!"

తనకోసం గుర్తురాని అడుగులు, నేర్పడానికి గుర్తొచ్చాయి. నేను టక్కుమని పక్క కర్రకు తగిలాను, బదులు వచ్చింది. ఒక్కొక్క మెలికే విడిపోయి ఎనిమిది తాళ్ళూ విడివిడిగా వేలాడాయి. జనం లేచి నిలబడ్డారు. మంగాదేవి తల్లిని కావలించుకుని ఏడ్చేసింది. గండం గడిచిందని నేనూ సంబరపడ్డాను.

నూకరత్నమ్మ ఆమె కళ్ళు కొంగుతో తుడిచి, కాసేపు ముఖంలోకి చూసింది.

"బాగానే ఆడావు. ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

మంగాదేవి తల్లి కొంగు సర్దుతూ అంది. "కొత్తగా సేరానండీ. మీ జట్టులోనే."

"అయితే గురువారం రా. అమ్మా నాన్నా ఏమన్నా అంటారని భయపడకు, నేను సెప్తాలే." అని నన్ను ఆ అమ్మాయి చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఎన్నో చేతులు చూశాను. తలుపుకు తాళం వేసిన చెయ్యి నన్ను పట్టుకోవడం ఇదే మొదటిసారి.