ఫోన్లో పట్టే పెళ్ళికూతురు

నంద్యాలలో యేసురత్నం పొద్దున్నే వీడియో షాపు తెరిచి, కంప్యూటర్ మీది గుడ్డ తీసి, ముందురోజు పెళ్ళి క్యాసెట్టును అందులోకి ఎక్కిస్తాడు. అనవసరమైనవి కత్తిరించాక కంప్యూటర్ అడుగుతుంది: డీవీడీయా, వీసీడీయా, బొమ్మ ఎంత సైజు? అతను ఏది నొక్కితే పెళ్ళికూతురు అప్పటినుంచి ఇంట్లోనూ అంత స్పష్టంగానే ఉంటుంది. పెళ్ళికొడుకులకు ఏమీ కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, పెళ్ళివాళ్ళకు అంత తీరిక ఎక్కడిది.

ఆళ్ళగడ్డ కోడలు మమతకు చెంప మీద చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ. అది కనపడని రకం కావాలంది అత్త కృపమ్మ. యేసురత్నం వీసీడీ నొక్కాడు. బొమ్మ చిన్నదయ్యేసరికి మచ్చ పోయింది, కనురెప్పల వెంట్రుకలూ పోయాయి. మమత మాత్రం వారం రోజులు అద్దం వదల్లేదు. పెళ్ళయిన పదోరోజే కువైట్ పోయిన మొగుడు నతానియేలు సెలవుకొచ్చి తన ముఖం చూసి మురిసిపోవాలని ఆ పిల్ల ఆశ.

రెండు నెలలకు కృపమ్మ మళ్ళీ వచ్చింది. కొడుకు కొత్త ఫోన్ కొన్నాడట, పెళ్ళంతా అందులోనే చూసుకుంటాడట.

"ఫోన్లో పట్టాల. ఎంత చిన్నగయితే అంత చిన్నగ చెయ్యప్పా."

ఫోన్‌కు చేసేది అగ్గిపెట్టెంత బొమ్మ. క్యాసెట్టు నుంచి చేస్తే కొంత నయం. కానీ డిస్కు ఇచ్చేయగానే అదే క్యాసెట్టు మీద ఇంకో పెళ్ళి తీయడం యేసురత్నం అలవాటు. మమత పెళ్ళి మీద అప్పటికే బండి ఆత్మకూరు వాళ్ళ పెళ్ళి ఎక్కేసింది. ఇక సీడీలో మిగిలినదాన్నే ఇంకా కుదించాలి. చెబితే పరువు పోతుందని ఆ పిరికివాడు నోరు మెదపకుండా నొక్కేశాడు. కంప్యూటర్లో నీలం గీత నిండేదాకా టీ తాగాడు.

మర్నాటికి మమత ముఖంలో నాలుగైదు గళ్ళు మిగిలాయి. మెమరీ కార్డు కువైట్ చేరాక నతానియేలు ఫోన్ చేసి, ఇందులో పెళ్ళికూతురు ఎవరని అడిగాడు. ఈ ఏడు సెలవుకు రానన్నాడు.

మమత అత్తను లాక్కుని షాపుకొచ్చింది. స్టేషన్ దొరకని రేడియోలా గొంతు గరగరలాడింది.

"మచ్చతోనే చెయ్యన్నా నన్ను. మొదటి క్యాసెట్టు యాడుంది?"

యేసురత్నం నిజం చెప్పేశాడు. తలదించుకునే చెప్పాడు.

కృపమ్మ కోడలి చేతులు పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయినా బిందె పట్టుకోవడానికి సరిపోతాయి.

"ఇంటి పని జరుగుతాది లే. మావానికి ఇంకో సంబంధం చూస్తాండాం. ఆ పెండ్లి డీవీడీలో చెయ్యప్పా."

యేసురత్నం తేదీ అడిగి రాసుకున్నాడు.